ఆడి వచ్చినవాడు కోచ్ కావాలంటే: ఉద్దానం నుంచి కొన్ని సంగతులు

మస్కట్ నుంచి ఒకడు, దోహా నుంచి ఇద్దరు. ఈ ఏడాది ముగ్గురు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "అన్నా, ఇక్కడ కంపెనీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడుతున్నాను. ఇంటికి వచ్చేశాక నీలాగ పిల్లలకి నేర్పాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. ముగ్గురికీ చెప్పిందే చెప్పాను. నాలుగోవాడు అడిగేలోగా రాసి పెడితే మంచిదనిపించింది.

ముందు నా సంగతి. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలం. నేను పైప్ వెల్డర్ని. విశాఖలో ఐటీఐ చదువుతూ హాస్టల్ కుర్రాళ్ళతో ఫుట్‌బాల్ పట్టుకున్నాను. 2006లో కువైట్ వెళ్ళాను, 2018 చివర్లో వచ్చేశాను. ఆ పన్నెండేళ్ళూ శుక్రవారం వచ్చిందంటే ఆటే. మలయాళీల జట్టులో కొన్నాళ్ళు, గోవావాళ్ళ జట్టులో కొన్నాళ్ళు, ఎడమ వైపు బ్యాక్‌గా ఆడాను. క్లబ్ ఆటగాణ్ణి కాదు. జీతం వెల్డింగ్‌కి, చప్పట్లు శుక్రవారానికి. ఈ తేడా మీరూ దాచకుండా చెప్పండి. "విదేశాల్లో ఆడి వచ్చాడు" అని ఊళ్ళో ఎవరైనా అంటే వినడానికి బాగానే ఉంటుంది గానీ, తర్వాత పిల్లలు గూగుల్‌లో మీ పేరు కొట్టి చూస్తారు.

వచ్చేముందు నోట్‌బుక్

విమానం ఎక్కకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. టీమ్ ఫొటోలు, టోర్నీ సర్టిఫికెట్లు, ఆడిన జట్టు మేనేజర్ చేత రాయించుకున్న ఉత్తరం, అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. వచ్చేశాక ఫోన్ చేస్తే ఎవడూ ఎత్తడు. నేను రెండుసార్లు కప్పు గెలిచిన టోర్నీ నిర్వాహకులు సర్టిఫికెట్ పంపిస్తామని ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

కాగితాలకంటే ముఖ్యమైనది నోట్‌బుక్. నాలుగు గళ్ళు గియ్యండి. ఏ సంవత్సరం ఏ జట్టు, ఏ స్థానం, తగిలిన దెబ్బలు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు. గోల్స్ రాసుకోవాలనుకుంటే రాసుకోండి, నాకైతే దానివల్ల సిగ్గే మిగిలింది. ఊళ్ళో అందరికీ ముప్ఫై గోల్స్ కొట్టానని చెప్పుకునేవాణ్ణి. పాత డైరీలు ముందేసుకుని లెక్కపెడితే పదకొండు వచ్చాయి. అందులో రెండు పెనాల్టీలు.

నాలుగో గడి దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోండి. కోచ్‌గా మీకు పనికొచ్చేదంతా అక్కడే ఉంటుంది. నా నాలుగో గడిలో మొదటి పేరు కువైట్‌లోని ఫహాహీల్‌లో మా జట్టుని చూసుకునే ఒక గోవా పెద్దాయనది. పగలు బస్సు నడిపేవాడు. మొదటి రోజు బంతి నా వైపు వస్తుంటే గట్టిగా, "నీ వెనక ఎవడున్నాడు?" అని అరిచాడు. నేను బంతి ఆపి, తిరిగి చూసి చెప్పాను. "ఇప్పుడు చూస్తే ఏం లాభం, వాడు నిన్ను దాటి పోయాడు" అన్నాడు. ఆ సీజన్ మొత్తం నాకు ఇంకేమీ నేర్పలేదాయన. బంతి రాకముందు భుజం మీంచి వెనక్కి చూడడం ఒక్కటే నేర్పాడు. పన్నెండేళ్ళలో నాకు దక్కిన ఆస్తి అదే అనుకుంటాను. కొన్న బంగారం పెళ్ళిళ్ళకి పోయింది.

మీరు ఆడడం మానెయ్యాలి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న కొబ్బరి తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఆ కబురు విని వచ్చినవాణ్ణి మళ్ళీ వెళ్ళలేదు. చెట్లు తీయించిన ముక్కలో ఒక మూల కొత్త మొక్కలు వెయ్యకుండా వదిలేశాం. మా గ్రౌండ్ అదే. నాన్న ఇప్పటికీ దాన్ని తోట అనే అంటాడు.

మొదటి నెల ఏం చేశానంటే, సాయంత్రం పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టులో నేను కూడా దిగేవాణ్ణి. ఇద్దర్ని తప్పించి, మూడోవాడి కాళ్ళ మధ్యనుంచి పంపించి గోల్ కొడితే అందరూ కేకలు. నాకు కువైట్ శుక్రవారాలు గుర్తొచ్చేవి. ఒకరోజు ఏడో క్లాసు గుంటడు ఒకడు ఒడ్డున కూర్చుని ఉన్నాడు. ఆడవేంరా అంటే, "మీరు ఆడితే మాకేటి బంతి వస్తాది సార్?" అన్నాడు. వాడు కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడంతే.

ఆ రాత్రి లెక్కేశాను. గంట ఆటలో బంతి ఎక్కువసేపు నా కాళ్ళ దగ్గరే ఉంది. నెల రోజుల్లో ఒక్క పిల్లాడి ఆట కూడా ముందుకు కదల్లేదు. నేను మాత్రం రెండు కేజీలు తగ్గాను.

కాబట్టి ఈ రాతలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: పిల్లల మ్యాచ్‌లో దిగకండి. చేసి చూపించాలంటే ఒక్కసారి, నెమ్మదిగా, అడ్డం ఎవరూ లేకుండా చూపించి పక్కకి రండి. ఆడాలని కాళ్ళు పీకితే ఆదివారం పెద్దవాళ్ళతో ఆడుకోండి.

ఏడాది పాటు సంచి మొయ్యండి

పెద్ద ఆటగాళ్ళు కూడా నేరుగా కోచ్ కుర్చీలో కూర్చోలేదు. జిదాన్ ఫ్రాన్స్ వాడు, ఇటలీలోనూ స్పెయిన్లోనూ ఆడి 2006లో మానేశాడు. 2013లో రియల్ మాడ్రిడ్‌లో ఇంకొకాయన కింద అసిస్టెంట్‌గా చేరాడు. తర్వాత అదే క్లబ్ రెండో జట్టుని చూశాడు. అసలు జట్టు చేతికొచ్చింది 2016 జనవరిలో. ఆట మానేశాక దాదాపు పదేళ్ళు. అలాంటివాడికే అంతకాలం పడితే మనం ఏడాది ఆగలేమా?

మన గల్ఫ్‌వాళ్ళకి ఇంకా దగ్గర మనిషి ఖాలిద్ జమీల్. పుట్టింది కువైట్‌లోనే. మన దేశంలో ఆడి, ముంబయిలో కోచింగ్ మొదలుపెట్టి, ఎవరూ లెక్కలోకి తీసుకోని మిజోరం జట్టు ఐజ్వాల్‌ని 2017లో జాతీయ లీగ్ అయిన ఐలీగ్‌లో విజేతని చేశాడు. 2025 ఆగస్టులో భారత జట్టు కోచ్ అయ్యాడు. ఇక మన హైదరాబాద్ రహీమ్ సాబ్ అసలు స్కూలు మాస్టారు. ఆయన చేతిలోని భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. కాళ్ళ గొప్పకంటే చెప్పే తీరు గొప్పదనడానికి నాకు ఆయన చాలు.

చెయ్యాల్సిందేంటంటే, మీ దగ్గర్లో ఏ ఆట మాస్టారైనా సరే, పీఈటీ అయినా, కబడ్డీ నేర్పేవాడైనా, ఆయన వెనక ఒక సీజన్ తిరగండి. పిల్లల్ని ఎలా పోగుచేస్తున్నాడు, అల్లరివాణ్ణి ఎలా అదుపులో పెడుతున్నాడు, వాళ్ళ అమ్మానాన్నలతో ఏం మాట్లాడుతున్నాడు, చూడండి. నేను ఒక వెయిట్‌లిఫ్టింగ్ మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. మన రెండు జిల్లాల్లో ఆ ఆటకి లోటు లేదు కదా, విజయనగరం వైపు కొండవెలగాడ అంటేనే బార్‌బెల్.

తర్వాత లైసెన్స్. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ వాళ్ళ కోచింగ్ లైసెన్సుల్లో మనం చూసుకోవాల్సింది డి. ఆ పైన సి, బి, ఏ, ప్రో. మనలాంటివాళ్ళు అంచెలంచెలుగా వెళ్ళాల్సిందే. ఇది కాక పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది, ప్రభుత్వ కోచ్ ఉద్యోగం చూసుకునేవాళ్ళకి అది. ఊళ్ళో పిల్లలకి నేర్పడానికి డి చాలు. ఫీజు, తేదీలు ఎప్పటికప్పుడు ఫెడరేషన్ వెబ్‌సైట్‌లో చూసుకోండి, మధ్యవర్తుల్ని నమ్ముకోవద్దు.

డి కోర్సులో టెన్షన్ పెట్టేది రాత పరీక్ష కాదు. మీ తోటివాళ్ళనే పిల్లలనుకుని మీరు పాఠం చెప్పాలి. నాకు పదిహేను నిమిషాలిచ్చారు. అయిపోయాక చూసుకునే ఇన్‌స్ట్రక్టర్ స్టాప్‌వాచ్ నా చేతిలో పెట్టాడు. నేను మాట్లాడింది తొమ్మిది నిమిషాలు. ఆడింది ఆరు. ఏమీ అనలేదు, వెళ్ళిపోయాడు.

స్థలం, బంతి, కాళ్ళు

పూర్తి మైదానం మీకు దొరకదు, అక్కర్లేదు కూడా. 30 అంగల పొడవు, 20 అంగల వెడల్పు ఉంటే నలుగురు నలుగురుగా ఆడొచ్చు. కొబ్బరి మొద్దులు తీశాక గుంటలు పూడ్చడం మర్చిపోకండి, చీలమండలు పోయేది అక్కడే. జీడితోట పక్కనైతే పుల్లలూ ముళ్ళూ రోజూ ఏరాలి. మేం ఆటకి ముందు అందరం ఒక వరుసలో నడుస్తూ ఏరుకుంటూ పోతాం, అదే మా వార్మప్‌లో మొదటి భాగం. కోన్‌లకి డబ్బులు తగలెయ్యొద్దు. లీటరు సీసాల్లో సగం ఇసుక పోస్తే గాలికి కూడా పడవు. గోల్‌పోస్టు సరుగుడు బాదులతో కడితే కాళ్ళు రెండూ మోకాలి లోతు పాతండి. ఊగే గోల్‌పోస్టు మీద పిల్లలు వేలాడతారు, అది మీద పడితే ప్రాణాలకే ముప్పు.

బంతుల్లో సైజులుంటాయి. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళకి 3, పన్నెండు దాకా 4, ఆ పైన 5. సైజు 5 బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. చిన్నపిల్లలకి అది ఇస్తే వేలితో తన్నడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించలేం. డబ్బు తక్కువుంటే ఒక మంచి బంతి బదులు నాలుగు మామూలు బంతులు కొనండి.

మా దగ్గర సగం మందికి బూట్లు లేవు. దీనికి నా నియమం ఒకటే: ఒక ఆటలో అందరికీ బూట్లుండాలి, లేదా అందరూ వట్టికాళ్ళతో ఆడాలి. కలిపితే వట్టికాలి వేలు పోతుంది. బూట్లున్న పిల్లలు మొదట్లో మూతి ముడుచుకున్నారు. వాళ్ళకి మహమ్మద్ సలీం కథ చెప్పాను. కలకత్తా మనిషి. 1936లో స్కాట్లాండ్ వెళ్ళి సెల్టిక్ క్లబ్‌కి కాళ్ళకి గుడ్డ పట్టీలు చుట్టుకుని ఆడాడు. సరదా ఏంటంటే అదే ఏడాది మన విజయనగరం రాజకుమారుడు విజ్జీ ఇంగ్లండ్‌లో భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఒకే వేసవిలో ఒకరు రాజుగారి హోదాతో, ఒకరు పట్టీల కాళ్ళతో. పిల్లలకి నచ్చింది సలీమే. మర్నాడు ఇద్దరు పాత పంచె చింపి కాళ్ళకి చుట్టుకొచ్చారు.

ఒక సాయంత్రం ఎలా నడపాలి

పదహారు మందిని వరుసలో నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ పిలిచి తన్నించే పద్ధతి మన స్కూళ్ళలో ఎక్కువ. వద్దు. పదిహేను మంది నిలబడి ఈగలు తోలుకుంటారు. ముగ్గురు ముగ్గుర్ని విడగొట్టండి, గుంపుకో బంతి.

గోవా పెద్దాయన అరుపుని నేను ఒక ఆట చేశాను. ముగ్గురు ఒకే గీత మీద నిలబడతారు, ఒకరికొకరు ఎనిమిది అంగల దూరం. ఈ చివర ఉన్నవాడి దగ్గర బంతి. మధ్యవాడు వాడి వైపు తిరిగి ఉంటాడు. మధ్యవాడి వెనక, ఆ చివర మూడోవాడు. మొదటివాడు బంతి పంపగానే మూడోవాడు చెయ్యెత్తి కొన్ని వేళ్ళు చూపిస్తాడు. బంతి తనని చేరేలోపు మధ్యవాడు భుజం మీంచి వెనక్కి చూసి, ఎన్ని వేళ్ళో గట్టిగా చెప్పాలి. చెప్పి, బంతిని దగ్గర కాలితో కాకుండా అవతలి కాలితో తీసుకోవాలి. అలా తీసుకుంటే ఒళ్ళు దానంతటదే సగం తిరుగుతుంది. ఒక్క అడుగులో మూడోవాడికి పంపేయొచ్చు.

మొదటి వారం ఎవరికీ రాదు. వేళ్ళు చూస్తే బంతి కాలి కిందనుంచి పోతుంది, బంతి చూస్తే వేళ్ళు కనపడవు. నవ్వులు, గోల. పోనివ్వండి. మీరు సరిదిద్దాల్సింది ఒక్కటే, ఎప్పుడు చూస్తున్నారన్నది. బంతి మొదటివాడి కాలిని వదిలి దారిలో ఉన్నప్పుడు చూడాలి. కొందరు తెలివిమీరి ముందే చూసి పెట్టుకుంటారు. వాళ్ళ కోసం మూడోవాడి చెవిలో, "మధ్యలో వేళ్ళు మార్చు" అని చెప్పండి.

అది పట్టుబడ్డాక వేళ్ళు తీసెయ్యండి. ఇప్పుడు మూడోవాడు రెండింట్లో ఒకటి చేస్తాడు: కదలకుండా నిలబడతాడు, లేదా బంతి కోసం మీదికి పరుగెత్తుకొస్తాడు. నిలబడితే మధ్యవాడు తిరగాలి. మీదికొస్తే వచ్చిన దారినే మొదటివాడికి తిప్పికొట్టాలి. చూసినవాడికే ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఆరో క్లాసు గుంట ఒకతి, పదో రోజో పదకొండో రోజో, వెనక్కి చూసి, బంతిని వదిలేసింది. అసలు ముట్టుకోలేదు. అది ఆమె కాళ్ళ మధ్యనుంచి వెళ్ళింది, మీదికొస్తున్నవాడు దాన్ని దాటేసి తూలి ముందుకి పోయాడు, ఆమె వాడిని చుట్టి వెళ్ళి బంతి అందుకుంది. నేను నేర్పలేదది. ఆ గోవా పెద్దాయన కూడా నాకు నేర్పలేదు.

ఆ తర్వాత నలుగురు నలుగురుగా మ్యాచ్. గోల్‌కి రెండు సీసాలు, రెండు అంగల ఎడం, కీపర్ ఉండడు. అయిదు నిమిషాలకో ఆట, గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు మారతారు. ఆట నడుస్తుండగా నేను ఒక్కటే అంటాను: "వెనక ఎవరు?" అంతకుమించి నోరు తెరిస్తే మా ఆవిడ ఇంటి దగ్గరనుంచే, "కువైట్ కోచ్ మొదలెట్టాడు" అంటుంది.

నీళ్ళు, మాత్రలు

ఇది మా ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకం. ఇక్కడ కిడ్నీ జబ్బు ఎరగని వీధి లేదు. నేను కువైట్‌లో మోకాలు నొప్పి పెడితే మ్యాచ్‌కి ముందు ఒక నొప్పి మాత్ర, తర్వాత ఒకటి వేసుకునేవాణ్ణి. అందరూ వేసుకునేవారు, చాక్లెట్లలాగ. ఎండలో చెమట పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గిన వేళ ఆ మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయని ఇక్కడికొచ్చాక ఒక డాక్టరమ్మ చెప్తే తెలిసింది. మా గ్రౌండ్‌లో దెబ్బ తగిలితే ఆపడం, తడిగుడ్డలో ఐసు, గుడ్డ కట్టు, కాలు ఎత్తి పెట్టడం. వాపు మర్నాటికీ తగ్గకపోయినా, కాలు మోపలేకపోయినా ఆస్పత్రి. కోచ్ చేత్తో మాత్ర ఇవ్వకూడదు, ఎవరి జేబులోనైనా కనిపించినా ఊరుకోకూడదు.

వేసవిలో సాయంత్రం అయిదున్నరకి ముందు మొదలుపెట్టం. పావుగంటకోసారి నీళ్ళు, దాహం వేసినా వెయ్యకపోయినా.

"స్పెయిన్ పంపిస్తాను" అన్నవాళ్ళు

ఇద్దరు ముగ్గురు పిల్లలు బాగా ఆడుతున్నారని కబురు పాకితే ఎవరో ఒకరు కారులో దిగుతారు. నేనూ మోసపోయిన బాపతే. 2005లో గల్ఫ్ క్లబ్‌లో ఆడిస్తానని ఒకాయన నా దగ్గర పాతిక వేలు పట్టుకెళ్ళాడు. వీసా రాలేదు, ఆయనా దొరకలేదు. మరుసటి ఏడాది వెల్డర్ వీసా మీద నా దారిన నేను వెళ్ళాను.

అందుకని అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి ఒక నిబంధన చెప్పండి. పద్దెనిమిదేళ్ళు నిండని ఆటగాణ్ణి ఒక దేశం క్లబ్ నుంచి ఇంకో దేశం క్లబ్‌కి బదిలీ చెయ్యడానికి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఒప్పుకోదు. కుటుంబం ఆటతో సంబంధం లేని కారణంతో అక్కడికి మారడంలాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. పద్నాలుగేళ్ళవాణ్ణి యూరప్ క్లబ్‌కి ఆడిస్తానని డబ్బు అడిగితే, అది ఫీజు కట్టి కొన్నాళ్ళు శిక్షణ తీసుకుని తిరిగి రావడమైనా అయ్యుండాలి, లేదంటే మోసమైనా అయ్యుండాలి. డబ్బున్నవాళ్ళు మొదటిదానికి వెళ్తే తప్పు లేదు. పొలం తాకట్టు పెట్టి మాత్రం కాదు.

మన పిల్లలకి దారి స్కూలు జట్టు, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు. స్కూళ్ళకి 1960 నుంచి సుబ్రతో కప్ టోర్నీ ఉంది. వీటన్నిటికీ పుట్టిన తేదీ కాగితం సరిగ్గా ఉండాలి. ఆధార్‌లో ఒకటి, స్కూలు రికార్డులో ఒకటి ఉంటే ఇప్పుడే సరిచేయించండి, సెలెక్షన్ ముందురోజు కాదు. వయసు తగ్గించి రాయించమని అడిగే తండ్రులుంటారు. కుదరదని చెప్పండి, వాడు నాలుగు రోజులు మాట్లాడడు, అయిదో రోజు కొడుకుని పంపిస్తాడు.

ఆడపిల్లల ఇళ్ళకి మా ఆవిణ్ణి తీసుకెళ్తాను. నిక్కరు దగ్గర అభ్యంతరమైతే ట్రాక్ ప్యాంటు. "ఆడపిల్లకి ఆటలేటి?" అంటే మల్లీశ్వరి పేరు చాలు, ఆమదాలవలస పిల్ల 2000లో సిడ్నీ నుంచి ఒలింపిక్ కాంస్యం తెచ్చిందని ఈ జిల్లాలో ముసలమ్మలక్కూడా తెలుసు.

చివరికి ఒక చిన్న విషయం, మొదట్లో నన్ను ఎక్కువ విసిగించింది. బంతికి గాలి కొట్టే సూదిని ఎప్పుడూ పొడిగా గుచ్చకండి, లోపలి రబ్బరు చిరుగుతుంది. ఒక చుక్క కొబ్బరినూనె రాసి, తిన్నగా దించండి. ఎంత జాగ్రత్తగా ఉన్నా నెలకొకటి విరుగుతుంది. కువైట్ నుంచి వచ్చేవాళ్ళుంటే నేను సెంటు, పిస్తాలు అడగను, సూదులే తెమ్మంటాను. మీరు వచ్చేటప్పుడు ఒక డజను తెచ్చుకోండి, మా గ్రౌండ్‌కి కూడా రెండు.